నది అవతల గొడుగుల కొట్టు

కెమెరా సంచి జిప్పు తీయగానే ముందు కలరా ఉండల వాసన వచ్చింది. ఉండలు ఎప్పుడో కరిగిపోయాయి. వాటిని మూట కట్టిన నిమ్మపండు రంగు చీర ముక్క మాత్రం, వేసిన ముడి వేసినట్టే, సంచి మూలలో ఉంది. డెట్రాయిట్ దగ్గర నోవైలో మా ఇల్లు అమ్మేస్తూ అమ్మ అటక మీది సామానంతా దింపించి, "నీ వైర్లూ కెమెరాలూ నీకే పంపుతున్నా, వాటిల్లో ఏది ఏమిటో నాకు తెలీదు" అని నేనుండే రెడ్‌మండ్‌కి పార్సిల్ చేసింది. పెట్టెలో ఉన్నవి ఇవి: నాన్న పాత కామ్‌కార్డర్, దాని చార్జరు, ఉబ్బిపోయిన బ్యాటరీలు, ఎరుపు పసుపు తెలుపు మొనల కేబులు, పైన ఏమీ రాయని చిన్న క్యాసెట్లు కొన్ని. బయట వర్షం పడుతోంది. రెడ్‌మండ్‌లో వర్షం పడుతోందని ఎవరూ ఎవరికీ చెప్పుకోరు.

పెట్టె వచ్చిందని తెలిసి న్యూజెర్సీ నుంచి మా చెల్లెలు మేఘన ఫోన్ చేసింది. "అన్నా, అందులో అమ్మమ్మ వాయిస్ ఉందా? ఒక్క వర్డ్ అయినా ఉందా?" అంది. మేఘన గొంతు అచ్చం అమ్మమ్మదే అని దాని చిన్నప్పటి నుంచీ ఇంటికి వచ్చినవాళ్ళంతా అన్నారు. అమ్మ అంది, పెద్దమ్మ అంది, ఫోన్లో రేపల్లె చుట్టాలు దాని 'హలో' విని ఏడ్చారు. అమ్మమ్మ మా ఇంట్లో ఉన్న ఆ ఒక్క చలికాలం మేఘన పాకుతోంది. దానికి ఏమీ గుర్తులేదు. "అందరూ సేమ్ వాయిస్ అంటారు. నేను ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు వినాలి," అంది. లాంగ్ వీకెండ్‌కి టికెట్ బుక్ చేసుకుంది.

ఉండకపోవచ్చని చెప్పాను. అమ్మమ్మకు కెమెరా అంటే పడదు. నాన్న దాన్ని భుజానికెత్తుకున్నాడంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి జారుకునేది. నయాగరా క్యాసెట్‌లో ఆమె ఆకుపచ్చ శాలువా అంచు, ఉగాది క్యాసెట్‌లో ఆమె మోచెయ్యి, అంతే.

అమ్మమ్మ దసరాకి వచ్చింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆమె వచ్చిన వారానికి మా వీధిలో మేపుల్ ఆకులు ఎర్రబడి రాలడం మొదలైంది, "ఇన్ని ఆకులు రాలిపోతుంటే విస్తళ్ళు కుట్టుకోరేమిరా వీళ్ళు" అని ఆమె రోజూ కిటికీ దగ్గర నిలబడి విచారించేది, ఆ తర్వాత మంచు వచ్చి విచారించడానికి ఏమీ మిగల్లేదు. నేత చీర మీద నాన్న పాత జాకెట్టు, కాళ్ళకు ఉన్ని సాక్సులు, వాటి మీద హవాయి చెప్పులు, ఆ సాక్సుల బొటనవేలి దగ్గర చెప్పు పట్టీ కోసం ఆమె స్వయంగా కత్తిరించుకున్న చీలిక, నడిస్తే చెప్పుల చప్పుడూ గాజుల చప్పుడూ ఒకదాని తర్వాత ఒకటి, హీటర్ వేడికి ఎండిన గాలిలో ఇంగువ వాసన, ఇంకా తడిసిన కోటుల వాసన. పోపు వేసినప్పుడల్లా హాల్లో పొగ అలారం మోగేది. నాన్న బల్ల ఎక్కి దాన్ని అట్టముక్కతో విసిరేవాడు. అమ్మమ్మ మాత్రం "కోడి కూసింది, కూర అయింది, రండి" అనేది. ఇప్పటికీ ఎక్కడైనా అలారం మోగితే నాకు ముందు ఆకలి వేస్తుంది.

శనివారం సాయంత్రాలు అమ్మకు ఆసుపత్రి ల్యాబులో డ్యూటీ. నాన్న గరాజ్‌లో కారు కింద ఉండేవాడు. ఆయనది కార్ల కంపెనీ ఉద్యోగం, శనివారం సెలవైనా ఆయనకు కారే కాలక్షేపం. మాకు కేబుల్ లేదు. అటక మీద నాన్న అమర్చిన యాంటెన్నాకి డెట్రాయిట్ చానెళ్ళతో పాటు నది అవతల కెనడా ఊరి చానెల్ కూడా అందేది. అందులో శనివారం సాయంత్రం ఒక ఇంగ్లండ్ సీరియల్ వచ్చేది. అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. నాకు ఇంగ్లీషు వచ్చు, కానీ ఆ సీరియల్‌లో వాళ్ళు మాట్లాడేది మా బడిలో మాట్లాడే ఇంగ్లీషు కాదు, నోట్లో వేడి బంగాళదుంప పెట్టుకుని మాట్లాడినట్టు ఉండేది. అందుకని ఇంగ్లీషు వచ్చిన నేను ఇంగ్లీషు రాని అమ్మమ్మని అడిగేవాణ్ణి. ఆమె ఒక్కసారి కూడా తెలీదనలేదు.

"ఏమన్నాడు అమ్మమ్మా?"

"వాడి నోరెందుకురా మనకి. మొహం చూడు, తెలుస్తుంది."

ఆ సీరియల్‌లో ఎప్పుడూ వాన కురిసే ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో కాలువ గట్టున గొడుగులు బాగుచేసే కొట్టు. కొట్టు నడిపే ఆమె నడివయసు మనిషి, లావుపాటి కళ్ళద్దాలు, ఊలు స్వెట్టరు, నోట్లో ఎప్పుడూ రెండు సూదులు. మూలన స్టవ్ మీద కెటిల్ ఎప్పుడూ కుతకుతలాడుతూ ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు విరిగిన గొడుగులు తెస్తారు, ఆమె బాగుచేసి ఇస్తుంది, టీ పోస్తుంది. ఆ గొడుగు వేసుకోగానే వాళ్ళకి ఏదో అయిపోతుంది. ఉన్నట్టుండి మాట్లాడతారు, మొహం ఎర్రబడుతుంది, వెక్కి వెక్కి ఏడుస్తారు, పరుగెడతారు. వెనక నుంచి జనం నవ్వుతున్న చప్పుడు వస్తుంది. ఏమవుతోందో అమ్మమ్మ నాకు చెప్పింది. దూరమైపోయినవాళ్ళు మనకి చెప్పాలనుకుని చెప్పకుండా ఉండిపోయిన మాటలు ఆ గొడుగు కింద వినపడతాయి. లావుపాటి పోలీసు గొడుగు తెరిచి గడగడలాడుతున్నాడంటే, చనిపోయిన వాళ్ళమ్మ వాణ్ణి అన్నం సరిగ్గా తినడం లేదని తిడుతోంది. ఉత్తరాలు పంచే అమ్మాయి రొట్టెల కొట్టువాడి ముందు నిలబడి గట్టిగా మాట్లాడుతోందంటే, ఆ మాటలు ఆ పిల్లవి కావు, పట్నంలో ఉన్న వాడి కూతురివి. నల్లకోటు వేసుకుని చంకలో చిన్న పుస్తకం పెట్టుకుని ప్రతివారం వచ్చి, టీ తాగి, చేతులు నులుముకుంటూ నవ్వి వెళ్ళిపోయే పెద్దమనిషి ఒకడున్నాడు. అతను పెళ్ళిళ్ళ పేరయ్య. "ఎవడికో ఈవిణ్ణి అంటగట్టాలని తిరుగుతున్నాడు. ఆ పుస్తకంలో అన్నీ జాతకాలేరా," అని అమ్మమ్మ తేల్చేసింది. అతను తెర మీదకు రాగానే ఇద్దరం "పేరయ్యొచ్చాడు" అనుకునేవాళ్ళం.

కొట్టు ఆమె పేరు తార. ఇది అమ్మమ్మ కల్పించింది కాదు, మా చెవులతో మేమే విన్నాం. కొట్టులో నుంచి వెళ్ళే ప్రతి మనిషీ గుమ్మం దగ్గర ఆగి, చెయ్యి ఊపి, ఆమెను "తారా" అని పిలిచేవాడు. "చూశావా, వెళ్తూ వెళ్తూ కూడా పిలవకుండా పోరు. అంత ఇష్టం ఆ తారంటే," అనేది అమ్మమ్మ. చేగోడీలు నములుతూ, మేఘనని ఒళ్ళో జోకొడుతూ, ఆమె తారతో నేరుగా మాట్లాడేది. తారా, ఆ పేరయ్య మాట వినకు. తారా, ఆ చలిలో తల తడుపుకోకు. నాకు తెలిసిన తెలుగులో చాలా భాగం అమ్మమ్మ తారతో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నదే.

ఒకరోజు నాన్న నల్లగొడుగు తీసుకుని డ్రైవ్‌వేలో మంచులో చాలాసేపు నిలబడ్డాను. ఏమీ వినపడలేదు. ముక్కు గడ్డకట్టి లోపలికి వస్తే అమ్మమ్మ నవ్వింది. "బాగుచేసిన గొడుగయితే గదా వినపడేది. కొత్తదాన్లో ఏం వినపడుద్దిరా, బుజ్జీ." గొడుగు గుడ్డకి కత్తెరతో ఒక చిల్లు పెట్టి, నిమ్మపండు రంగు పాత చీర లోంచి ఒక ముక్క కత్తిరించి, నోట్లో రెండు సూదులు పెట్టుకుని మరీ ఆ చిల్లుకి మాసిక వేసింది. మళ్ళీ వెళ్ళి నిలబడ్డాను. సన్నటి మంచు గుడ్డ మీద రాలుతుంటే లోపల నుంచి వినడానికి, పక్కగదిలో ఎవరో గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నట్టే ఉంది. వినపడిందని చెప్పాను. ఏం వినపడిందని ఆమె అడగలేదు. నాన్న ఆ గొడుగు ఆఫీసుకి తీసుకెళ్ళి, అక్కడ తెరిచాక ఆ మాసిక చూసుకున్నాడు.

ఆ ఇంట్లో అందరికీ తెలిసిన పద్ధతి ఒకటి ఉంది. అమ్మమ్మ అల్లుడితో నేరుగా మాట్లాడదు. నాన్న హాల్లోకి వస్తే కుర్చీ లోంచి లేచి తలుపు పక్కకి జరిగేది. "కూర్చోండి అత్తయ్యగారూ, ఇది మీ ఇల్లే," అని ఆయన వచ్చిన రోజు నుంచీ చెబుతూనే ఉన్నాడు. ఆమె తల ఊపేది, కూర్చునేది కాదు. ఆయనకు ఏదైనా చెప్పవలసివస్తే నాతో చెప్పేది. ఆయన ఎదురుగా ఉన్నా సరే, "బుజ్జీ, నాన్నని ఇంకాస్త పెరుగు వేసుకోమను" అనేది. నాన్న నా వైపు తిరిగి, "చాలని చెప్పు" అనేవాడు.

ప్రతి శనివారం ఆ సీరియల్‌ని అమ్మ కోసం వీసీఆర్‌లో రికార్డు చేసేవాళ్ళం. ఆదివారం అమ్మ దాన్ని చూస్తుంటే అమ్మమ్మ మొదటి నుంచీ మళ్ళీ చెప్పేది, తర్వాతి వారం అదే క్యాసెట్ మీద కొత్తది ఎక్కేది. ఉగాది వెళ్ళింది. పచ్చి మామిడికాయ దొరక్క పుల్లటి ఆకుపచ్చ యాపిల్ ముక్కలు వేసి, అమ్మమ్మ ఊరి నుంచి తెచ్చిన ఎండు వేపపువ్వు నేతిలో వేయించి కలిపిన పచ్చడి తిన్నాం. గుమ్మం దగ్గర మంచు కరిగి కింద నుంచి పోయిన ఏడాది గడ్డి పసుపుపచ్చగా బయటపడింది. అమ్మమ్మ టికెట్ తర్వాతి బుధవారానికి. ఆ శనివారమే సీరియల్ ఆఖరి భాగం. ఆ సాయంత్రమే వీసీఆర్ క్యాసెట్‌ని నమిలి, రీలు పేగుల్లా బయటకు కక్కింది.

నాన్న చేతులు తుడుచుకుంటూ వచ్చి చూశాడు. టైము లేదు. కామ్‌కార్డర్ తెచ్చి, స్టాండ్ మీద టీవీకి ఎదురుగా పెట్టి, అమ్మమ్మకి అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పాడు. "అత్తయ్యగారూ, ఇది గదిలో చప్పుళ్ళు కూడా పట్టేస్తుంది. అయ్యేదాకా కాస్త మాట్లాడకండి." మొదటిసారి ఆయనే కెమెరా పక్కన మాతోపాటు కూర్చున్నాడు. అమ్మమ్మ కింద కార్పెట్ మీదకి జరిగింది.

ఆఖరి భాగంలో కొట్టు మూతపడుతుంది. ఊరంతా వరసగా వస్తారు, గొడుగులు పట్టుకుని, ఒక్కొక్కరూ గుమ్మం దగ్గర ఆగి తారా, తారా అంటారు. పేరయ్య కూడా వస్తాడు. అందరూ వెళ్ళాక ఆమె తన గొడుగు తెరుస్తుంది, మేం ఎప్పుడూ చూడని ఎర్ర గొడుగు. అది కింద పడుతుంది. దాని కింద ఎవరూ లేరు. కెటిల్ మాత్రం ఈల వేస్తూనే ఉంటుంది.

నాన్న కెమెరా ఆపి గరాజ్‌కి వెళ్ళాక, తార ఎక్కడికి పోయిందని అడిగాను. అమ్మమ్మ చాలాసేపు చెప్పింది. ఏం చెప్పిందో కొద్దిగా గుర్తుంది, ఏ మాటలతో చెప్పిందో గుర్తులేదు. బుధవారం వెళ్ళిపోయింది. మరుసటి చలికాలం ఊళ్ళోనే చనిపోయింది. నన్ను బడి నుంచి మధ్యలో తీసుకొచ్చారు. ఆ రోజు ఇంట్లో ఎవరూ పోపు వేయలేదు, అలారం మోగలేదు. నాకు ఏమనిపించిందని ఎవరైనా అడిగి ఉంటే, ఇల్లు నిశ్శబ్దంగా ఉందని చెప్పి ఉండేవాణ్ణి.

కాలేజీలో ఉండగా ఒక పాత సామాను కొట్లో ఆ సీరియల్ డీవీడీల పెట్టె కనిపించింది. గదికి తెచ్చి సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూశాను. ఆ గొడుగు కింద నిలబడినవాళ్ళు అబద్ధం చెప్పలేరు. కథ అంతే. పోలీసు గడగడలాడింది పోటీకి పెట్టిన కేకు తనే తిన్నానని ఒప్పుకుంటూ. ఉత్తరాల అమ్మాయి రొట్టెల కొట్టువాడితో చెప్పింది నీ రొట్టె నాకు ఏనాడూ నచ్చలేదని. పేరయ్య ఆ ఊరి చర్చి ఫాదరు, చంకలోది ప్రార్థన పుస్తకం. కొట్టు ఆమె పేరు హిల్డా. 'తరా' అనేది ఇంగ్లండులో కొన్ని ప్రాంతాల్లో వెళ్ళేటప్పుడు అనే మాట. మనం వెళ్ళొస్తాం అంటామే, అది. వాళ్ళెవరూ ఆమెను పిలవలేదు. మంచి సీరియలే, బాగా రాశారు, నటులు కూడా బాగా చేశారు. మొత్తం చూశాను. ఆ తర్వాత ఆమెను తారగా చూడాలని ఎంత ప్రయత్నించినా కుదరలేదు. ఒకసారి చదవడం వచ్చాక అక్షరాలను గీతలుగా చూడలేనట్టు.

శనివారం మేఘన వచ్చింది. పాత కేబులుకి సరిపోయే కన్వర్టరు తెప్పించి సిద్ధంగా ఉంచాను. నా ఉద్యోగం ఆన్‌లైన్ మీటింగుల్లో మనిషి మాట తప్ప మిగతా చప్పుళ్ళన్నీ తీసేసే సాఫ్ట్‌వేర్ రాయడం. కుర్చీ కిర్రుమనడం, గిన్నెల మోత, కుక్క అరుపు, పక్కగదిలో పిల్లలు. పేరు లేని క్యాసెట్లలో రెండోది పెట్టగానే టీవీ లోపల టీవీ కనిపించింది, తెర మీద నల్లటి పట్టీలు పైకి పాకుతూ. నేను మేఘనకి ముందుగా ఏమీ చెప్పలేదు. ఇద్దరం సోఫాలో కూర్చుని విన్నాం.

గాజులు మోగాయి. ఒక చేగోడీ కటుక్కున విరిగింది. తర్వాత మళ్ళీ ఆ చప్పుడు రాలేదు. నాకు గుర్తొచ్చింది, నాన్న అటు చూశాక ఆమె చేగోడీని బుగ్గన పెట్టుకుని నానబెట్టుకుంది. ఒక పసిబిడ్డ ఊ కొట్టింది. "అది నేనా?" అంది మేఘన. అవునన్నాను. వీపు మీద మెల్లగా జోకొడుతున్న చప్పుడు. నాన్న దగ్గు. ఊరి జనం ఒక్కొక్కరూ తరా చెప్పి వెళ్ళిపోతున్నారు. మిగతా శనివారాలన్నీ ఆపకుండా మాట్లాడిన మనిషి ఆ ఒక్క సాయంత్రం నోరు మూసుకుని కూర్చుంది, మా దగ్గర మిగిలింది ఆ ఒక్క సాయంత్రమే. మేఘన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తెర వైపు కాక స్పీకర్ వైపు చూస్తోంది.

ఎర్ర గొడుగు కింద పడింది. కెటిల్ ఈల మొదలైంది. అది ఆగకుండా మోగుతుంటే, దాని అడుగున, అల్లుడున్న గదిలో వీలైనంత చిన్నగా, వినపడింది.

"తారా, పొయ్యి కట్టెయ్యవే."

నాన్న "ష్" అన్నాడు. అక్కడితో క్యాసెట్ అయిపోయింది.

మేఘన స్పీకర్ మీద నుంచి చూపు తిప్పింది. "అమ్మమ్మ ఎవరికి చెప్తుంది? హూ ఈజ్ తారా?"

చెప్పాను. గొడుగుల కొట్టు, పేరయ్య, పోలీసు వాళ్ళమ్మ, అన్నీ చెప్పి, ఆఖర్న ఆ మాటకి అసలు అర్థం కూడా చెప్పాను. అది నవ్వి, తర్వాత నవ్వడం ఆపి, "మళ్ళీ పెట్టు" అంది. మళ్ళీ పెట్టాను. ఆ మాట వచ్చే చోటు వెనక్కి తిప్పి తిప్పి విన్నది. ఆఖరికి తనే అంది, అమెరికన్ నాలుకతో, ట్ట ఉండాల్సిన చోట మెత్తగా జారిపోతూ: "తారా, పొయ్యి కటెయ్యవే." నా వైపు తిరిగి, "సేమ్ వాయిసేనా?" అంది.

నాకు తెలియలేదు. క్యాసెట్‌లో గొంతు నేను అనుకుంటున్నదానికంటే సన్నగా, తొందరగా, కొంచెం చిరాగ్గా ఉంది. నా తలలో ఇన్నేళ్ళూ చేగోడీలు నములుతూ తారతో మాట్లాడిన గొంతు ఎవరిదో అప్పుడు అర్థమైంది. అది మేఘనది. ఎప్పుడో, ఎవరూ చూడనప్పుడు, అసలుది అరిగిపోయి, దాని చోట్లో ఇంట్లో రోజూ వినపడే గొంతు ఎక్కి కూర్చుంది. ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెడితే కలవడం లేదు. "దగ్గర దగ్గరగా ఉంది," అన్నాను. అది తల ఊపింది. నమ్మిందో లేదో అడగలేదు.

అది నిద్రపోయాక ఆడియోని నా ప్రోగ్రాములో వేసి చూశాను, అలవాటు కొద్దీ. టీవీలో ఊరి జనం మాటలన్నీ స్పష్టంగా మిగిలాయి. గాజులు పోయాయి, చేగోడీ పోయింది, జోకొట్టడం, పసిబిడ్డ ఊ, కెటిల్ ఈల పోయాయి, ఈలతో పాటు దాని అడుగున ఉన్నదీ పోయింది. ప్రోగ్రాములో తప్పేమీ లేదు. అది చెయ్యాల్సిన పనే చేసింది. ఆ ఫైలు తీసేసి, అసలుదాన్ని మాత్రం మేఘనకీ అమ్మకీ పంపాను. అమ్మ దగ్గర విని నాన్న మర్నాడు మెసేజ్ పెట్టాడు: "నేనెందుకు ష్ అన్నానో."

నోవై ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్ళున్నారు. అటక మీద యాంటెన్నా తీసేశారట. నది అవతల చానెల్ ఇప్పటికీ ఉంది, ఆ సీరియల్ రాదు. మాసిక వేసిన గొడుగు ఎప్పుడు పోయిందో ఎవరికీ గుర్తులేదు. వేపపువ్వు ఇప్పుడు ప్యాకెట్లలో దొరుకుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో పొగ అలారం మంచిది, పోపుకి మోగదు.

సోమవారం మేఘనను ఎయిర్‌పోర్ట్‌కి డ్రైవ్ చేశాను. డిపార్చర్స్ దగ్గర కారు ఎక్కువసేపు ఆపనివ్వరు. అది దిగి, డిక్కీ లోంచి సూట్‌కేసు తీసుకుని, వర్షంలో రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

"తారా," అంది.

ఆ మాటకు అర్థం నాకు తెలుసు. అయినా అది ఎవరినో పిలిచిందనుకుని, కారులో వెనక సీటు వైపు తిరిగి చూశాను.